ఏసీ బయటి యూనిట్‌లో ఫ్యాన్ తిరగట్లేదు: మోటార్ పోయిందా, కెపాసిటరా?

కొర్లగుంట మేడ:

అందరికీ నమస్కారం. మాది తిరుపతి, కొర్లగుంట. రెండో అంతస్తులో ఉంటాం, ఆ పైన మేడే. ఒకటిన్నర టన్ను స్ప్లిట్ ఏసీ, ఇన్వర్టర్ కాదు, కొని ఏడేళ్లయింది. మా నాయనకు ఆపరేషన్ అయి నెల కూడా కాలేదు, ఆ గదిలోనే పడుకుంటారు, అందుకే ఇంత టెన్షన్.

నాలుగు రోజులుగా ఏసీ వేసిన పది నిమిషాలు బాగా చల్లగా వస్తుంది, ఆ తర్వాత ఉత్త గాలి. అరగంట పోయాక మళ్లీ కాసేపు చల్లదనం, మళ్లీ ఉత్త గాలి. నిన్న ఒక మెకానిక్ వచ్చి లోపలి యూనిట్ దగ్గర చెయ్యి పెట్టి చూసి, గ్యాస్ తగ్గిపోయింది, 3,500 అవుతుందన్నాడు. అతను సామాన్లు తెచ్చుకునే లోపల నేను మేడ మీదికి పోయి చూస్తే బయటి యూనిట్ ఫ్యాన్ అసలు తిరగట్లేదు. లోపల కంప్రెసర్ గుమ్మని మోగుతోంది. బ్లేడు మాత్రం సన్నగా వణుకుతోంది, వేలెడంత జరుగుతుంది, ఆగుతుంది. పైన రేకు మీద చెయ్యి పెట్టలేకపోయాను, అంత కాలుతోంది. అతన్ని పిలిచి చూపిస్తే, అయితే మోటార్ కాలిపోయింది, 4,200 అన్నాడు. మీటర్ పెట్టి చూడలేదు, మూత కూడా విప్పలేదు. ఐదు నిమిషాల్లో గ్యాస్ కాస్తా మోటార్ అయింది, అందుకే నాకు నమ్మకం కుదరలేదు. నిజంగా మోటారేనా? ఇంట్లో మనం చూసుకోగలిగింది ఏమైనా ఉందా?

రేణిగుంట రోడ్డు:

అక్కా, మాకూ పోయిన వేసవిలో అచ్చం ఇదే. మా తమ్ముడు పాత సీలింగ్ ఫ్యాన్‌లో ఉన్న కండెన్సర్ తీసి వేశాడు, తిరిగింది. అది వేసి చూడండి, రూపాయి ఖర్చు లేదు.

చిత్తూరు ఏసీ పని:

అమ్మా, ముందు ఏసీ ఆపేయండి. రిమోట్‌తో ఆపడం కాదు, ఎంసీబీ (ఏసీకి కరెంటు ఇచ్చే బోర్డు మీది స్విచ్) దించండి. నాయనను ఈ రెండు రోజులు వేరే గదిలో పడుకోబెట్టండి. ఫ్యాన్ తిరక్కుండా కంప్రెసర్ నడిపినన్ని సార్లు కంప్రెసర్ ఆయుష్షు తగ్గుతుంది. ఇప్పుడు వంద రూపాయల్లో పోయేది, అట్లాగే నడిపితే ఏసీయే మార్చుకోవాల్సి వస్తుంది. ఇరవై రెండేళ్లుగా ఇదే పని చేస్తున్నా, ఈ మాట ఎంతమందికి చెప్పానో.

మీరు చెప్పిన లక్షణం స్పష్టంగా ఉంది. బయటి ఫ్యాన్ చేసే పని ఒకటే: కంప్రెసర్ నుంచి కాగి వచ్చిన గ్యాస్ వెనకాల జాలీ లాంటి కాయిల్లో తిరుగుతుంటే, దాని మీదుగా గాలి లాగి వేడిని బయటికి తోసేయడం. గాలి లేకపోతే ఆ వేడికి పోయే దారి లేదు. లోపల ప్రెషర్ పెరుగుతుంది, కంప్రెసర్ వేడెక్కుతుంది, దాని నెత్తి మీద ఉండే ఓవర్‌లోడ్ కరెంటు తెంపేస్తుంది. ఒక అరగంట చల్లబడ్డాక తనే మళ్లీ కలుపుతుంది. పది నిమిషాల చల్లదనం, అరగంట ఉత్త గాలి అన్నారే, అది ఇదే. గ్యాస్ తగ్గితే ఇట్లా ఉండదు, చల్లదనం మొత్తానికే మందగిస్తుంది, చాలాసార్లు లోపలి కాయిల్ ఒక పక్క మంచు కడుతుంది. పైగా ఫ్యాన్ తిరక్కుండా గేజ్ పెట్టి చదివితే ఆ ప్రెషర్‌కు అర్థం లేదు. అప్పుడు గ్యాస్ పట్టించి ఉంటే ఎక్కువై కూర్చునేది.

ఇక ఫ్యాన్ సంగతి. మీది మామూలు సింగిల్ ఫేజ్ మోటార్. దీనికి తిరగడం మొదలుపెట్టాలంటే పక్కన కెపాసిటర్ ఉండాలి. మా షాపుల్లో దాన్ని కండెన్సర్ అంటాం, కాయిల్‌ను కూడా కండెన్సర్ అంటారు కాబట్టి అడిగేటప్పుడు ఫ్యాన్ కెపాసిటర్ అని అడగండి. అది బలహీనపడితే మోటార్ మూలుగుతుంది, వణుకుతుంది, తిరగదు. ఇంట్లో చూసుకునే పద్ధతి ఒకటుంది. ఎండు కొబ్బరి చీపురులోంచి గట్టి పుల్ల ఒకటి తీసుకోండి. ఎంసీబీ ఎత్తి, ఏసీ వేసి, కంప్రెసర్ మోత మొదలయ్యాక ముందు జాలీలోంచి ఆ పుల్లతో బ్లేడును ఒక్కసారి తోయండి. బ్లేడు అందుకుని వేగంగా తిరిగితే వైండింగ్ (మోటార్ లోపలి తీగచుట్ట) బతికే ఉంది, అనుమానం కెపాసిటర్ మీదికి పోతుంది. తోసినా రెండు చుట్లు తిరిగి ఆగిపోతే వైండింగో బేరింగో చూడాలి. వేలు పెట్టొద్దు, స్క్రూడ్రైవర్ అసలే వద్దు. చీపురుపుల్ల ఎందుకంటున్నానంటే బ్లేడు పట్టుకుంటే పుల్ల విరుగుతుంది, బ్లేడుకూ మీకూ ఏం కాదు. ఒక నిమిషం చూసి మళ్లీ ఎంసీబీ దించేయండి.

రేణిగుంట రోడ్డు తమ్ముడూ, సీలింగ్ ఫ్యాన్‌ది చాలావరకు 2.5 ఎంఎఫ్‌డీ (మైక్రోఫారడ్, కెపాసిటర్ సామర్థ్యాన్ని కొలిచే లెక్క). ఏసీ ఫ్యాన్‌కు మోటార్‌ను బట్టి 2.5, 3, 4 ఇట్లా ఉంటుంది. తక్కువ వేస్తే తిరుగుతుంది కానీ లాగే బలం తగ్గి మోటార్ వేడెక్కుతుంది. మోటార్ స్టిక్కర్ మీద ఏ అంకె ఉంటే అదే వేయాలి, వోల్టేజీ 440 తగ్గకూడదు.

ఐటీఐ మాస్టారు:

పై ఆయన చెప్పింది సరిగ్గా ఉంది. ఒక విషయం కలుపుతాను. ఇలాంటి మోటార్‌లో తిప్పే బలం వోల్టేజీ వర్గాన్ని, అంటే వోల్టేజీని దానితోనే గుణిస్తే వచ్చేదాన్ని బట్టి మారుతుంది. 230 ఉండాల్సిన చోట 184 వస్తే, అంటే ఐదో వంతు తగ్గితే, బలం ఐదో వంతు కాదు, మూడో వంతుకు పైగా పోతుంది, 64 శాతమే మిగులుతుంది. రోహిణి కార్తెలో సాయంత్రం ఏడు దాటాక వీధి వీధంతా ఏసీలు వేస్తే వోల్టేజీ పడే ప్రాంతాలు ఉన్నాయి. సగం చచ్చిన కెపాసిటర్ పొద్దున పనిచేసి రాత్రి మొరాయించడానికి కారణం అదే కావచ్చు. స్టెబిలైజర్ మీద అంకె ఎంత చూపిస్తోందో రాయండి.

మూత విప్పేవాళ్లకు ఒక హెచ్చరిక: కరెంటు తీసినా కెపాసిటర్‌లో చార్జ్ మిగిలి ఉండొచ్చు. కంప్రెసర్‌ది 35 నుంచి 50 ఎంఎఫ్‌డీ ఉంటుంది, అది గట్టిగా కొడుతుంది. స్క్రూడ్రైవర్‌తో రెండు కొనలూ కలిపి టప్‌మనిపించడం చాలామందికి అలవాటు, మా విద్యార్థులకు నేను అది చేయనివ్వను. పాతకాలపు 60 వాట్ల బల్బు హోల్డర్‌కు రెండు వైర్లు కట్టి ఆ కొనలకు తాకిస్తే నెమ్మదిగా ఖాళీ అవుతుంది. చేతకాకపోతే మూత విప్పకుండా తెలిసినవాళ్లను పిలవండి.

కపిలతీర్థం వైపు:

మాది కొండకు దగ్గర, కోతుల బాధ. రెండుసార్లు బయటి యూనిట్ వైరు లాగేశాయి. అందుకని మావాళ్లు యూనిట్ చుట్టూ గోనెపట్టా కట్టి, పైన రేకు దించారు. పట్టా కట్టిన వారానికే చల్లదనం తగ్గింది, ఫ్యాన్ మోటార్ కాలుతున్న వాసన వచ్చింది. అది తీసి, అడుగు దూరంలో ఇనుప జాలీ చట్రం పెట్టించాక బాగుంది. అక్కా, మీ యూనిట్ ముందు ఏదైనా అడ్డం ఉందేమో చూడండి. మేడ మీద నీళ్ల డ్రమ్ములు, పాత మంచాలు పెట్టేస్తుంటారు కదా.

కొర్లగుంట మేడ:

అందరికీ చాలా థ్యాంక్స్. అడ్డం ఏమీ లేదు, కానీ పడమర గోడకు ఉంది, మధ్యాహ్నం నుంచి ఎండంతా దాని మీదే. స్టెబిలైజర్ 226 చూపిస్తోంది.

అన్న చెప్పినట్టే చీపురుపుల్లతో తోశాను. తిరిగింది! ముందు నెమ్మదిగా, తర్వాత వేగం అందుకుంది. పక్కింటి అబ్బాయి ఎలక్ట్రికల్ డిప్లొమా, మీటర్ తెచ్చాడు. ఎంసీబీ దించి, మూత విప్పి, కెపాసిటర్లను బల్బుతో ఖాళీ చేశాడు. ఫ్యాన్ కెపాసిటర్ నల్లగా చిన్న అగ్గిపెట్టె లాంటిది, ఒక పక్క ఉబ్బి పైన చీలిక ఉంది. దాని మీద 3 ఎంఎఫ్‌డీ, ఐదు శాతం అటూ ఇటూ అని రాసుంది, అంటే 2.85 కంటే తగ్గకూడదు కదా, మీటర్‌లో 1.1 వచ్చింది. కొత్తది 120కి తెచ్చాం. వేయగానే ఫ్యాన్ ఒక్కసారిగా లేచింది. జాలీ ముందు చెయ్యి పెడితే వేడి గాలి మొహానికి కొడుతోంది. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. మోటార్ వైండింగ్ కూడా చూశాడు, మూడు వైర్ల మధ్య 214, 278, 491 ఓములు వచ్చాయి. బాడీకి తాకడం లేదన్నాడు.

ఐటీఐ మాస్టారు:

214, 278 కలిపితే 492, మూడోది 491. వైండింగ్ బాగుంది. పక్కింటి అబ్బాయి పద్ధతిగా చూశాడు.

అలిపిరి బైపాస్:

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోవద్దు. మాది ఇన్వర్టర్ ఏసీ, ఇలాగే బయటి ఫ్యాన్ కుదుపుతో కొంచెం తిరిగి ఆగుతుంది, మూడుసార్లు ప్రయత్నించి ఎర్రర్ చూపిస్తుంది. పీసీబీ (లోపలి సర్క్యూట్ బోర్డు) మార్చారు, 9,000 అయింది, నాలుగో రోజు కొత్త పీసీబీ కూడా పోయింది. మాకూ కెపాసిటరేనా?

చిత్తూరు ఏసీ పని:

మీది వేరే కథ అన్నా, పై సలహా మీకు పనికిరాదు. చీపురుపుల్లలు పెట్టొద్దు. ఇన్వర్టర్ వాటిలో ఉండేది చాలావరకు బీఎల్‌డీసీ మోటార్ (బ్రష్‌లు లేని డీసీ మోటార్), దానికి ఇట్లాంటి కెపాసిటర్ ఉండదు. పీసీబీ మీది నుంచి ఐదు వైర్ల కనెక్టర్ వస్తే, సాధారణంగా ఎరుపు మెయిన్ పవర్, 310 వోల్టుల డీసీకి అటూ ఇటూ, నలుపు గ్రౌండ్, తెలుపు 15 వోల్టులు, పసుపు వేగం చెప్పేది, నీలం తిరుగుతున్నానని పీసీబీకి తిరిగి కబురు పంపేది. రంగులు కంపెనీని బట్టి మారొచ్చు, పీసీబీ మీద రాసింది చూసుకోవాలి. ఆ నీలం వైరు కబురు రాకపోతే పీసీబీ మూడు నాలుగు సార్లు ప్రయత్నించి ఎర్రర్ వేస్తుంది.

రెండు పీసీబీలు పోయాయంటే నాకు మోటార్ మీదే అనుమానం. మోటార్ లోపల షార్ట్ ఉంటే ఎన్ని పీసీబీలు పెట్టినా కాలుస్తుంది. కరెంటు తీసి, పీసీబీ మీది పెద్ద కెపాసిటర్లు ఖాళీ అయ్యేదాకా ఆగి, అవి ఖాళీ అయ్యాయని మీటర్‌తో చూసుకున్నాకే కనెక్టర్ ఊడదీయాలి. ఊడదీశాక మోటార్ వైపు ఎరుపు నలుపు మధ్య, తెలుపు నలుపు మధ్య ఓములు చూడమనండి. సున్నాకు దగ్గరగా వస్తే మోటార్ పోయినట్టే. ఇంకో మాట, ఇది గట్టిగా చెప్తున్నా: కరెంటు ఉండగా ఆ కనెక్టర్ పీకడం, పెట్టడం చేయకూడదు. మోటార్ లోపల చిన్న బోర్డు ఉంటుంది, ఆ ఒక్క నిప్పురవ్వకు అదీ పోతుంది, పీసీబీ కూడా పోతుంది. తొందరలో మా కుర్రాళ్లే చేస్తుంటారు, ఎన్నిసార్లు చెప్పినా.

కొర్లగుంట మేడ:

మళ్లీ నేనే. మొన్న అంత సంతోషంగా రాశాను కానీ కథ అయిపోలేదు. కొత్త కెపాసిటర్ వేసిన రోజు సాయంత్రం బాగా నడిచింది. నిన్న మధ్యాహ్నం ఒంటిగంటకు వేస్తే నలభై నిమిషాలకు ఫ్యాన్ నెమ్మదించి ఆగిపోయింది. వెంటనే ఎంసీబీ దించేశాను. మోటార్ వెనక తాకితే కాలిపోతోంది. గంటన్నర ఆగి వేస్తే మళ్లీ మామూలుగా తిరిగింది, మళ్లీ అదే టైముకు ఆగింది. కెపాసిటర్ మళ్లీ చూశాం, 2.97 ఉంది. అంటే మొదటి మెకానిక్ చెప్పింది నిజమేనా?

చిత్తూరు ఏసీ పని:

ఆయన చెప్పింది సగం నిజం అయి ఉండొచ్చు, కానీ చూడకుండా చెప్పాడు కదా. ఇంకొక్క పరీక్ష ఉంది. అది ఆగిన వెంటనే, వేడిగా ఉన్నప్పుడే, ఎంసీబీ దించి, ముందు జాలీ విప్పి బ్లేడును చేత్తో తిప్పండి. చల్లగా ఉన్నప్పుడు ఎట్లా తిరుగుతుందో, వేడిలో ఎట్లా తిరుగుతుందో పోల్చండి. వేడిలో బిగుసుకుంటే బేరింగు. వేడిలోనూ తేలిగ్గా తిరిగితే మీటర్ పెట్టి ఓములు చూడమనండి, చల్లగా ఉన్నప్పుడు వచ్చిన అంకెలు ఇప్పుడు రాకుండా పూర్తిగా ఓపెన్ (తీగ తెగినట్టు) చూపిస్తే లోపలి థర్మల్ ప్రొటెక్టర్, అంటే వేడెక్కితే కరెంటు ఆపేది, తెగి కలుస్తోందన్న మాట, అప్పుడు వైండింగ్ లోపల ఏదో వేడెక్కుతోంది, మోటార్ మార్చడమే. బ్లేడును ముందుకూ వెనక్కీ లాగి చూడండి, షాఫ్ట్ ఎక్కువగా ఊగుతుంటే అది కూడా రాయండి.

నా అంచనా ఏంటంటే, ముందు బేరింగు బిగుసుకుంది, మోటార్ కష్టపడి లాగుతూ వేడెక్కింది, ఏడేళ్ల ఎండకు తోడు ఆ వేడిలో పక్కనున్న కెపాసిటర్ త్వరగా చచ్చింది. మీరు కెపాసిటర్ మార్చారు, కానీ బేరింగు అట్లాగే ఉంది.

కొర్లగుంట మేడ:

చూశాం అన్నా. చల్లగా ఉన్నప్పుడు వేలితో తోస్తే నాలుగైదు చుట్లు తిరుగుతుంది. ఆగిన వెంటనే తిప్పితే గట్టిపడిన రాగిసంగటిలో గరిటె తిప్పినట్టు ఉంది, చెయ్యి వదిలితే అక్కడే నిలబడుతోంది. చెవి దగ్గర పెట్టి తిప్పితే గరగర వినిపిస్తోంది. వేడిలోనూ ఓములు వచ్చాయి, కొంచెం పెరిగాయి అంతే.

చిత్తూరు ఏసీ పని:

బేరింగే అమ్మా. రాగి తీగ వేడెక్కితే ఓములు కొంచెం పెరుగుతాయి, దానికి భయం లేదు. మోటార్ మూత నాలుగు స్క్రూలతో విప్పే రకమా, లేక మొత్తం ప్లాస్టిక్‌లో పోత పోసినట్టు ఉందా? పోత పోసిన రకమైతే తెరవలేం, కొత్తది తీసుకోవాలి. అప్పుడు పాతదాన్ని చేత్తో పట్టుకుని షాపుకు పోండి. వాట్లు, ఆర్‌పీఎం, షాఫ్ట్ మందం, తిరిగే దిక్కు, కెపాసిటర్ అంకె ఇవన్నీ కలవాలి. దిక్కు తప్పితే ఫ్యాన్ తిరుగుతుంది కానీ గాలి కాయిల్ వైపు పోతుంది, పైకి అంతా బాగున్నట్టే కనిపిస్తుంది, అదే పెద్ద మోసం.

బ్లేడు నట్ విప్పేటప్పుడు బలం చేయొద్దు. చాలా యూనిట్లలో అది ఎడమ మర, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే వదులవుతుంది. బ్లేడు మీద బాణం గుర్తు ఉంటే చూసి తిప్పండి. అలవాటుకొద్దీ మామూలు వైపు తిప్పి మర చెడగొట్టుకున్నవాళ్లు చాలామంది.

కొర్లగుంట మేడ:

స్క్రూల రకమే. లీలామహల్ వైపు రివైండింగ్ చేసే పెద్దాయన దగ్గరికి తీసుకుపోయాం. ఆయన ముందు నన్ను కూర్చోబెట్టి, విప్పి, రెండు బేరింగులూ నా చేతిలో పెట్టారు. రెండూ 608 నంబరే, లోపలి రంధ్రం 8 మిల్లీమీటర్లు, బయట 22. వెనకది పర్వాలేదు. షాఫ్ట్ వైపుది తుప్పు పట్టి ఎర్రగా ఉంది, గ్రీజు ఎండి మట్టిలా రాలింది. ఏడేళ్లకే ఇట్లా అయిందేమిటని అడిగితే షాఫ్ట్ మీద ఉండాల్సిన రబ్బరు వాషర్ చూపించారు, సగం తెగిపోయి ఉంది. కార్తీకమాసం వానల్లో నీళ్లు అక్కణ్ణుంచే పోయాయి అన్నారు. ఇంకోటి కూడా చెప్పారు: మోటార్‌లోకి పోయే వైరు నేరుగా పైనుంచి దిగితే వాన నీళ్లు వైరు పట్టుకుని లోపలికి జారతాయట, లోపలికి పోయే ముందు వైరుకు కిందికి ఒక వంపు ఇవ్వాలట. మాది నేరుగానే ఉంది. ఇప్పుడు వంపు ఇచ్చి కట్టించాం.

బేరింగులు, కొత్త వాషర్, కూలి అన్నీ కలిపి 450. కెపాసిటర్ 120. నిన్న మిట్టమధ్యాహ్నం పన్నెండు నుంచి సాయంత్రం ఆరున్నర దాకా ఆపకుండా నడిపాం, గంటకోసారి మేడ ఎక్కి చూశాను. మోటార్ వేడిగా ఉంది కానీ చెయ్యి ఉంచగలిగాను. నాయన మూడు గంటలకు నిద్రపోయి ఐదున్నరకు లేచారు.

చిత్తూరు ఏసీ పని:

చాలా సంతోషం అమ్మా. వెనక కాయిల్‌కు ఏడేళ్ల దుమ్ము ఉంటుంది, ఎంసీబీ దించి, మామూలు పైపు నీళ్లతో లోపలి వైపు నుంచి బయటికి కడగండి, ఎలక్ట్రికల్ భాగం మీద నీళ్లు పడనీయొద్దు. ప్రెషర్ పంపు పెడితే రేకులు వంగిపోతాయి, వద్దు. యూనిట్‌కు రెండడుగుల పైన వెదురు తడికతో నీడ వేయించండి, ముందూ వెనకా గాలికి మాత్రం అడ్డం రాకూడదు.

అలిపిరి బైపాస్:

అన్నా, మాది కూడా చూపించాను. తెలుపు నలుపు మధ్య మీటర్ బీప్ కొడుతోంది, 2 ఓములు. మూడో పీసీబీ రేపు బిగిస్తామన్నారు, ఆపమన్నాను. ముందు మోటార్ తెమ్మని చెప్పాను.